ఓకే నొక్కేశారు

నేను ఒక కంప్యూటర్ని. కంప్యూటర్ అనగానే ఏసీ గదిలో, అద్దాల బల్ల మీద దర్జాగా కూర్చుని ఉంటానని అనుకునేరు. అంత సీను లేదు. పాలకొల్లు బస్టాండు వెనకాల, టీ కొట్టుకీ చెప్పుల కొట్టుకీ మధ్య ఇరుక్కున్న డి.టి.పి. సెంటర్లో నా ఉద్యోగం. శుభలేఖలు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు, అద్దెకిచ్చే ఇళ్ళ బోర్డులు. ఈ చుట్టుపక్కల పెళ్ళయినవాళ్ళ పేర్లూ పోయినవాళ్ళ పేర్లూ నా మొహం మీద నుంచి నడిచి వెళ్ళాల్సిందే. నిజం చెప్పాలంటే నా కథ చెప్పుకోడానికి నాకే సిగ్గుగా ఉంది. అయినా చెప్పక తప్పదు, జరిగినదంతా మొదట్నుంచీ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

నాకు అమ్మా నాన్నా అంటూ ఎవరూ లేరు. ఒక్కో అవయవం ఒక్కో దేశంలో పుట్టింది. విజయవాడలో ఒక మేడ మీద కొట్లో, నోట్లో స్క్రూలు కరిచి పట్టుకున్న పెద్దమనిషి ఒకాయన వాటన్నిటినీ ఒక రేకు డబ్బాలో బిగించి, నా వీపు మీద ఒక్కటి చరిచి, 'సెట్టు రెడీ' అన్నాడు. అదే నా బారసాల. మొదట భీమవరంలో నెట్ సెంటరుకి వెళ్ళాను. పరీక్షా ఫలితాల రోజున పాసైనవాళ్ళు కేకలేసుకుంటూ బయటికి పరిగెత్తేవాళ్ళు, ఫెయిలైనవాళ్ళు మాత్రం నావైపే కొరకొరా చూసేవాళ్ళు. పేపర్లు దిద్దింది నేనన్నట్టు! తర్వాత ఒక కాలేజీ ఆఫీసులో కొన్నాళ్ళు హాజరు వేశాను. ఆ కాలేజీ మూతపడ్డాక గుబ్బల తాతాజీగారు నన్ను ఆటోలో ఒళ్ళో పెట్టుకుని పాలకొల్లు తెచ్చుకున్నారు. అప్పటికి ఆయన దగ్గర ఒక పాత ప్రింటరు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, బోలెడంత ధైర్యం ఉన్నాయి.

తాతాజీగారు మంచాయనే, కాకపోతే కోపం ముక్కు మీదుంటుంది. నా దగ్గర ఇద్దరు మనుషుల్ని పెట్టారు. పొద్దుట కొట్టు తీసిన దగ్గర్నుంచి మధ్యాహ్నం దాకా మంగతాయారుగారు. అక్కణ్ణుంచి కొట్టు కట్టేదాకా ఏసుపాదం.

తాయారుగారి గురించి చెప్పాలి. ఆవిడ ఒకప్పుడు ఇదే వీధిలో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో టీచరు. ఈ ఊళ్ళో గుమాస్తా ఉద్యోగం చేసిన సగంమందికి వేళ్ళు తిప్పడం నేర్పింది ఆవిడే. పిల్లలు మీటల వైపు చూస్తున్నారని చేతుల మీద గుడ్డ కప్పేసేదిట. చూసి కొట్టేవాడు టైపిస్టు కాడు, వెతుక్కునేవాడు అనేది. ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక నా ముందుకొచ్చి కూర్చుంది. ఆవిడ తెలుగు టైపు చేస్తుంటే నాకు వాన కురుస్తున్నట్టుండేది. తల వంచకుండా, పక్కవాళ్ళతో కబుర్లాడుతూ, పేజీకి పేజీ దించేసేది. చూడ్డానికి వచ్చినవాళ్ళు టీ చల్లారబెట్టుకునేవాళ్ళు.

ఏసుపాదం ఆవిడ దగ్గర నేర్చుకున్నవాడే. నలభైకి దగ్గర పడ్డాడు, ఇద్దరాడపిల్లల తండ్రి, ఇప్పటికీ ఆవిణ్ణి టీచరుగారూ అనే పిలుస్తాడు. మధ్యాహ్నం డ్యూటీకొస్తే ఆవిడ లేచి నిలబడేదాకా కుర్చీ దగ్గరికి రాడు.

అంతా సవ్యంగా నడుస్తుండగా తాతాజీగారు కార్డుల ముద్రణ భీమవరంలో పెద్ద ప్రెస్సుకి మార్చారు. రంగులు బాగుంటాయి, సాయంత్రం బస్సుకి పంపితే మర్నాడు కార్డులొస్తాయి. అయితే ఆ ప్రెస్సువాళ్ళ యంత్రాలకి మా పాత తెలుగు అక్షరాలు అర్థం కావు. ఇక్కడ 'శ్రీరస్తు' అని పంపితే అక్కడ ఇంగ్లీషు ముక్కలూ డాలరు గుర్తులూ కనిపిస్తాయి. కొత్తరకం అక్షరాలైతేనే తీసుకుంటాం అన్నారు. దాంతో తాతాజీగారు నాలో కొత్త తెలుగు సాఫ్ట్‌వేరు వేయించి, పాతది తీయించేశారు.

కొత్తదాంట్లో మీటల అమరికే వేరు. 'క' ఉన్నచోట ఇంకేదో ఉంటుంది, ఒత్తులు ఇంకెక్కడో దాక్కుంటాయి. ఏసుపాదం నెలలో పట్టేశాడు. తాయారుగారికి పట్టుబడలేదు. అన్నేళ్ళు ఒక దారికి అలవాటు పడిన వేళ్ళు ఇంకో దారికి రామన్నాయి. ఒక్కో అక్షరానికి వంగి చూసి, వెతికి, ఒక వేలితో పొడిచేది. ఎవరైనా కొట్లోకి వస్తే చటుక్కున చేతులు వెనక్కి తీసుకుని, చెంగుతో నా మొహం తుడుస్తున్నట్టు నటించేది. ఆ రోజుల్లో నన్ను తుడిచినన్నిసార్లు నా జన్మలో ఎవరూ తుడవలేదు. వెతుక్కునేవాళ్ళని చూసి నవ్విన మనిషి తనే వెతుక్కోవాల్సి వచ్చేసరికి, చచ్చిపోయినంత సిగ్గుపడిపోయింది పాపం.

ఒక ఆదివారం, తాతాజీగారు లేని సమయం చూసి, వాళ్ళ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. అతను జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి, పాత సాఫ్ట్‌వేరు మళ్ళీ నాలో ఎక్కించాడు. పొద్దున్నే కొత్తదాన్ని మూసెయ్యి, పాతదాన్ని తెరువు, వెళ్ళేటప్పుడు దాని మీదున్న 'హైడ్' అనే బొత్తాం నొక్కు, ఎవరి కంటా పడదు అని అక్కకి పాఠం చెప్పాడు. ఆవిడ బుద్ధిమంతురాలైన విద్యార్థిలా తల ఊపింది. మూసెయ్యడం వేరు, కనపడకుండా చెయ్యడం వేరు అని ఆ మహానుభావుడు చెప్పలేదు, ఆవిడ అడగలేదు. మనుషులకి ఒక నమ్మకం ఉంటుందనుకుంటాను, కంటికి కనపడకపోతే లేనట్టే లెక్క అని.

మర్నాటి నుంచి మళ్ళీ వాన కురిసింది. తాయారుగారి వేళ్ళు పరుగులెత్తాయి. తాతాజీగారు మురిసిపోయి, ఈ వయసులో కొత్త విద్య ఇట్టే పట్టేశారు చూడండి అని నలుగురికీ చెప్పుకున్నారు. ఆవిడ తల దించుకుంది. వినయం అనుకున్నారందరూ.

నా తిప్పలు మధ్యాహ్నం మొదలయ్యేవి. ఆవిడ వెళ్తూ వెళ్తూ పాతదాని మీద హైడ్ నొక్కేది, గుట్టు తెలియకుండా కొత్తదాన్ని మళ్ళీ తెరిచిపెట్టేది. పాతది వెళ్ళిపోయిందా? లేదు! నా లోపలే చీకట్లో కాళ్ళు చాపుకుని కూర్చునుండేది. ఏసుపాదం వచ్చి ఒక మీట నొక్కగానే, బస్సు దిగిన ప్రయాణికుడి చెరో చెయ్యీ పట్టుకుని ఇద్దరు ఆటోవాళ్ళు లాగినట్టు, ఆ అక్షరాన్ని అదీ ఇదీ రెండూ పట్టుకుని లాగేవి. నాదంటే నాదని నా బుర్రలో కొట్టుకునేవి. కాసేపు ఓర్చుకునేదాన్ని. పేజీ పెద్దదై, బొమ్మలు కూడా చేరాయంటే ఇక నావల్ల కాదు, కొయ్యబారిపోయేదాన్ని. మౌసు కదలదు, మీట పలకదు. ఏసుపాదం సేవ్ చేసుకోని పనంతా గంగలో కలిసిపోయేది.

అలాగని నేను నోరు మూసుకుని ఊరుకోలేదు. కొయ్యబారిపోయే ముందు ప్రతిసారీ నా మొహం మీద ఒక చిన్న చీటీ పెట్టేదాన్ని. ఎవరివల్ల పడిపోతున్నానో ఆ పాత సాఫ్ట్‌వేరు పేరుతో సహా అందులో ఉండేది. ఇంగ్లీషులో ఉండేదన్న మాట నిజమే, అంతకంటే నాకు చేతకాదు. ఏసుపాదం కంగారులో దాన్ని చదవకుండా ఓకే నొక్కేసేవాడు. తాతాజీగారు చూసినా ఓకే నొక్కేసేవారు. ఎదుటివాడు చెప్పేది వినకుండా సరే సరే అనడం మనుషులకి బాగా అలవాటు.

ఇక నాకు మొదలయ్యాయి వైద్యాలు. రిజ్వాన్ అని రిపేర్ల అబ్బాయి, చురుకైనవాడే, వచ్చి నా పొట్ట విప్పి దుమ్ము ఊదాడు. ఫ్యాను మార్చాడు. మెమరీ మార్చాడు. కరెంటు సరిగ్గా లేదని ఎర్తింగు వేయించాడు. అప్పటికీ కుదరకపోతే నా లోపలున్నదంతా తుడిచేసి మళ్ళీ మొదట్నుంచీ ఎక్కించాడు. కొన్నాళ్ళు నిక్షేపంగా ఉన్నాను. అందరూ హమ్మయ్య అనుకున్నారు, తాయారుగారు తప్ప. పాతది పోయిందిగా మరి! పాపం ఆ కొన్నాళ్ళూ ఒంట్లో బాలేదని సెలవు పెట్టి, తమ్ముడు ఊళ్ళోకి రాగానే మళ్ళీ ఎక్కించుకుంది. నేను మళ్ళీ మొదటికొచ్చాను. తాతాజీగారు నా నెత్తిన నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చిన దండ వేలాడదీశారు. దానివల్ల నేను బాగుపడలేదు గానీ చీమలు పట్టాయి.

ఎన్ని చేసినా ఒక సంగతి మాత్రం అందరికీ కళ్ళకి కట్టినట్టు కనిపించింది. పొద్దుట తాయారుగారి దగ్గర నేను ముత్యంలా ఉంటాను, ఏసుపాదం కూర్చుంటేనే చతికిలబడతాను. ఇంకేముంది, తప్పు వాడిదే అయిపోయింది. చర్చి పాటల పుస్తకం టైపు చేసుకోడానికి తెచ్చుకునే పెన్‌డ్రైవ్‌లోంచి వైరస్ తెస్తున్నాడన్నారు. దొంగచాటుగా సినిమాలు చూస్తున్నాడన్నారు. అతను పెన్‌డ్రైవ్ తేవడం మానేశాడు. అయినా నేను మానలేదు. అతని చేతిలో ఆగిపోయిన ప్రతిసారీ నాకు తల కొట్టేసినట్టుండేది.

ఇంతలో కొబ్బరికాయల వ్యాపారి మల్లుల చలమయ్యగారు కాలం చేశారు. పెద్దకర్మ కార్డు పని మాకొచ్చింది. పొద్దుట తాయారుగారు టైపు చేసి పెట్టింది. సాయంత్రం చలమయ్యగారి పెద్దకొడుకు, ఇద్దరు మేనమామలు చూసుకోడానికి వచ్చారు. చూసి సరేనంటే బస్సుకి పంపెయ్యాలి. తాతాజీగారు వాళ్ళకి కుర్చీలు వేయించి, పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు.

ఏసుపాదం ఆ పేజీ తెరిచాడు. పైన చలమయ్యగారి ఫొటో, తెల్లచొక్కాతో నవ్వుతూ. కింద ఆవిడ టైపు చేసిన మాటలు. ఏసుపాదం నాలుగు మీటలు ఏవో నొక్కాడు. సరిగ్గా అప్పుడే నా లోపల ఆ రెండూ జుట్టూ జుట్టూ పట్టుకున్నాయి. అక్షరాలన్నీ చెదిరిపోయి ఇంగ్లీషు ముక్కలూ డాలరు గుర్తులూ అయిపోయాయి. ఆ క్షణంలోనే నేను కొయ్యబారిపోయాను. పోనీ మొహం నల్లబడి ఊరుకున్నా బాగుండేది. అలా కాదే! చలమయ్యగారు నవ్వుతూనే ఉన్నారు, ఆయన పేరుండాల్సిన చోట పిచ్చిగీతలు. ముగ్గురూ కన్నార్పకుండా చూస్తున్నారు. కదలడానికి ఎంత గింజుకున్నానో నాకే తెలుసు. కదల్లేకపోయాను.

పెద్దకొడుకు కేకలెయ్యలేదు. వేస్తే కాస్త తేలిగ్గా ఉండేది.

"మా నాన్న ఫొటో కింద ఈ పిచ్చిరాతలేటండి తాతాజీగారూ?" అన్నాడు. మేనమామలు లేచి అతని భుజం పట్టుకుని ఇంకో కొట్టుకి తీసుకెళ్ళిపోయారు. బస్సు వెళ్ళిపోయింది. పెద్దమనిషి కార్డు పాడుచేశారన్న మాట ఊరంతా పాకింది.

తాతాజీగారు ఆ రోజు అన్న మాటలు ఇక్కడ చెప్పను. ఏసుపాదం అన్నీ విన్నాడు. సంజాయిషీ చెప్పుకోలేదు. పొరపాటు తనదేనని అన్నాడు. రేపట్నుంచి రావద్దంటే సరేనన్నాడు. వెళ్తూ వెళ్తూ నా మీద గుడ్డ కప్పాడు, నాలుగు పక్కలా సరిచేసి మరీ కప్పాడు. తన్నినా బాగుండునే అనుకున్నాను. వాళ్ళింటికి అతని జీతమే ఆధారం.

తర్వాత సాయంత్రాలు తాతాజీగారే నా ముందు కూర్చున్నారు. నేను ఆయన చేతిలోనూ కొయ్యబారిపోయాను. అది చాలదన్నట్టు భీమవరం ప్రెస్సు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. మీరు పంపిన పేజీల్లో తెలుగే లేదు, అంతా డాలరు గుర్తులే అని. తాతాజీగారు తల పట్టుకుని రిజ్వాన్‌ని పిలిపించారు.

ఈసారి రిజ్వాన్ నా పొట్ట విప్పలేదు. నిన్ను తుడిచాక బాగానే ఉన్నావు, తర్వాత పాడయ్యావు, అంటే తర్వాత లోపలికొచ్చింది ఏదో ఉంది అని నాతోనే అన్నట్టు గొణుక్కున్నాడు. నా లోపల నడుస్తున్న సాఫ్ట్‌వేర్లన్నిటినీ వరసగా ఆపేశాడు. ఒక్కొక్కటే మళ్ళీ తెరుస్తూ, ప్రతిసారీ ఒక పేజీ టైపు చేసి చూశాడు. నేను ఆగిపోగానే మామూలుగా చీటీ పెట్టాను. ఓకే నొక్కడానికి వెళ్ళిన వేలు గాల్లో ఆగింది. చదివాడు. నా ఇన్నేళ్ళ బతుకులో నా మాట చివరిదాకా విన్న మొదటి మనిషి అతను.

అప్పుడే తాయారుగారు టిఫిన్ బాక్సు సర్దుకుంటోంది.

రిజ్వాన్ దాక్కున్నదాన్ని బయటికి లాగి చూపించాడు. ఒకే యంత్రంలో రెండు తెలుగు సాఫ్ట్‌వేర్లు ఒకేసారి పనిచేస్తున్నాయనీ, వాటికి పొసగక ఇది చచ్చి బతుకుతోందనీ, విడివిడిగా రెండూ మంచివేననీ చెప్పాడు. తాతాజీగారు బల్ల మీద గుద్దారు. ఇది కచ్చితంగా ఏసుపాదం నిర్వాకమే, పోనీలే పీడ విరగడైంది, తీసి పారెయ్యి అన్నారు.

తాయారుగారు బాక్సు మూత పెట్టింది. మూత సరిగ్గా పడలేదు. మళ్ళీ తీసి మళ్ళీ పెట్టింది. మాట్లాడకపోతే అయిపోయేది. వెళ్ళిపోయిన మనిషి మీద తప్పు అలాగే ఉండిపోయేది, ఆవిడ పరువు ఆవిడకుండేది. నేను ఆవిడ మొహం చూస్తున్నాను.

"అతను కాదండీ," అంది. "నేనే పెట్టించాను. కొత్తది నాకు రాలేదు. ఇప్పటికీ రాదు."

తాతాజీగారికి కోప్పడాలో జాలి పడాలో తెలిసినట్టు లేదు. కాసేపటికి ఆయనకొక అనుమానం వచ్చింది. మీరు టైపు చేసినవన్నీ పాత అక్షరాలే అయితే, ఇన్నాళ్ళూ ప్రెస్సుకి సరిగ్గా ఎలా వెళ్ళాయి, ఏసుపాదం వెళ్ళాకే కదా ఫోన్లు మొదలయ్యాయి అన్నారు. తాయారుగారు తెల్లబోయింది. పాతవి కూడా ప్రెస్సువాళ్ళు తీసుకుంటున్నారు కాబోలని ఇన్నాళ్ళూ అనుకుంది ఆవిడ. రిజ్వాన్ నా లోపల వెతికాడు. ఏసుపాదం ఉన్నన్నాళ్ళూ ఆవిడ టైపు చేసిన ప్రతి పేజీ పక్కనా ఇంకో పేజీ ఉంది, అవే మాటలు, కొత్త అక్షరాల్లో. అన్నీ మధ్యాహ్నం దాటాక చేసినవే.

ఏసుపాదం రోజూ డ్యూటీ ఎక్కగానే చేసే మొదటి పని అది. టీచరుగారి పేజీలన్నీ కొత్త అక్షరాల్లోకి మార్చడం, తప్పులు దొర్లితే దిద్దడం, తాతాజీగారి కంట పడకముందే. చలమయ్యగారి కార్డు మాత్రం మార్చేలోపే వాళ్ళు వచ్చేశారు, ఆ రోజు నొక్కిన నాలుగు మీటలూ అందుకే.

తాయారుగారు కుర్చీలో కూలబడింది. చాలాసేపు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. తర్వాత లేచి, చెప్పులేసుకుని, ఎవరికీ చెప్పకుండా ఎండలోకి వెళ్ళిపోయింది. టిఫిన్ బాక్సు నా పక్కనే మర్చిపోయింది.

ఆవిడ తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. వెనకాలే ఏసుపాదం. కొబ్బరికాయల కొట్లో బస్తాలు మోయడానికి కుదిరాడట, చొక్కా నిండా పీచు. తాతాజీగారు లేచి ఎదురెళ్ళి అతని చెయ్యి పట్టుకున్నారు. ఆయనకి క్షమించమనడం చేతకాదు, టీ తాగుతావా అన్నారు. ఏసుపాదం తాగుతానన్నాడు. మర్నాడు తాతాజీగారూ అతనూ కలిసి చలమయ్యగారింటికి వెళ్ళి, జరిగింది చెప్పి తప్పు ఒప్పుకుని వచ్చారు.

ఏసుపాదం తిరిగొచ్చిన ఆ సాయంత్రం మాత్రం తాయారుగారు ఇంటికి వెళ్ళలేదు. నా ముందు నిలబడి అడిగింది.

"నీకు ముందే తెలుసా ఏసుపాదం?"

"మొదటిరోజే తెలిసిందండి టీచరుగారూ. మీ పేజీ తెరిస్తే పాత అక్షరాలేగా! అది లోపల దాక్కుని దీన్ని పడగొడతందని మాత్రం తెలీదండి."

"మరి ఆయన అన్ని మాటలంటుంటే ఎందుకు చెప్పలేదు?"

అతను చొక్కాకున్న పీచు ఏరుకున్నాడు. "చెప్తే మీకు రాదని చెప్పాలి కదండీ. నలుగురిలో అలా ఎలా చెప్తానండి?"

అప్పటికే రిజ్వాన్ పాతదాన్ని పూర్తిగా తీసేసి వెళ్ళాడు, ఇక నా లోపల ఉన్నది ఒక్కటే. ఏసుపాదం ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆవిడ చేతులు అలవాటు ప్రకారం మీటల మీదికి వెళ్ళి, దారి తెలియక ఆగిపోయాయి. తల నిటారుగా పెట్టుకుని ఎదురుగా గోడకేసి చూస్తోంది. మీటల వైపు చూడ్డానికి మనసొప్పడం లేదు.

"చూసి కొట్టండి టీచరుగారూ. ఫర్వాలేదండి," అన్నాడు ఏసుపాదం. అని, తన స్టూలు వెనక్కి తిప్పుకుని, రోడ్డువైపు మొహం పెట్టి కూర్చున్నాడు. తాతాజీగారు కూడా ఏదో పనున్నట్టు బయటికి నడిచారు.

అప్పుడు ఆవిడ తల దించింది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఒక్కో వేలితో నొక్కుతూ, కళ్ళనీళ్ళు మీటల మీద పడుతుంటే చెంగుతో అద్దుకుంటూ మొదలుపెట్టింది. మల్లుల చలమయ్యగారు అని కొట్టడానికి ఆవిడకి ఎంతసేపు పట్టిందో చెప్పను. నేను మాత్రం ఆగిపోలేదు. ఆవిడ సిగ్గుపడకూడదని ఇద్దరు మనుషులు మొహాలు తిప్పుకున్నారు. నాకు తిప్పుకునే వీల్లేదు, ఎదురుగా కూర్చుని అంతా చూశాను.

తర్వాత ఆవిడ నేర్చుకుంది. మునుపటి వాన లేదు గానీ, తుంపర పడుతుంది. నా మొహం మీద ఏ చీటీ కనిపించినా కళ్ళజోడు పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని, అర్థం కాకపోతే ఏసుపాదం వచ్చేదాకా ఆగి, అప్పుడుగానీ ఓకే నొక్కేది కాదు.

నేను పాతబడిపోయాక తాతాజీగారు కొత్త సెట్టు కొన్నారు. నన్ను అదే కొట్లో అటక మీద పెట్టారు, ఖాళీ రంగు డబ్బాల పక్కన. కింద ఆవిడ టైపు చేస్తున్న చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. మధ్యమధ్యలో ఆగుతుంది, వెతుక్కుంటోందనుకుంటాను. నేను చూడలేను. అటక మీదికి ఎక్కించేటప్పుడు ఏసుపాదం నన్ను గోడవైపు తిప్పి పెట్టాడు.